నోటు పుస్తకం పాతబడిందా?

రేపు పరీక్ష అనగా స్నేహితుడి నోట్సును సెల్‌ఫోనుతో ఫోటో తీసుకొని, "హమ్మయ్య, నోట్సు దొరికింది" అనుకొనే అలవాటు మీలో చాలామందికి ఉండవచ్చు. ట్యూషనులో మాస్టారు నల్లబల్ల మీద వేసిన పటాన్ని గీసుకోవడానికి బదులు ఫోటో తీసుకొనేవారూ ఉన్నారు. ఇంటిపని గుర్తు చేయడానికి ఒక యాప్, చదవవలసిన పాఠాల పట్టికకు మరొక యాప్. 2020లో కరోనా వల్ల బడులు మూతబడినప్పుడు పాఠాలూ నోట్సూ ఫోనులోకి వచ్చాయి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లోని ప్రభుత్వ పాఠశాలల 8వ తరగతి విద్యార్థులకు ట్యాబులు పంచారు. ఇంత జరిగాక కూడా కలం పట్టుకొని నోటు పుస్తకంలో వ్రాసుకోవడం దేనికి? బస్సు ఉండగా ఎడ్లబండి ఎక్కడం వంటిది కాదా? ఇట్లా మీరు అడిగితే తప్పు లేదు. ప్రశ్న మంచిదే. జవాబు వెదుకుదాం.

నా అభిప్రాయం ముందుగానే చెబుతాను. విషయాలను దాచిపెట్టడంలో ఫోనును మించినది లేదు. కాని విన్నదానిలో ఏది ముఖ్యమో తేల్చుకోవడం, రేపు ఏ పని ముందు చేయాలో నిర్ణయించుకోవడం, ఇవి దాచిపెట్టే పనులు కావు. ఇవి ఆలోచించే పనులు. ఈ పనులకు హైస్కూలు విద్యార్థికి కలమూ కాగితమే మంచి పరికరాలని నా నమ్మకం. ఎందుకో వివరిస్తాను. నమ్మవలసిన పని లేదు, పరీక్షించి చూడండి.

పుస్తకాలు కుట్టే కుర్రవాడు

మైకేల్ ఫారడే పేరు మీ భౌతికశాస్త్ర పుస్తకంలో చదివే ఉంటారు. ఆయన లండను నగరంలో ఒక కమ్మరివాని కొడుకు. పెద్ద చదువులు చదవలేదు. 14 ఏళ్ల వయసులో పుస్తకాలకు అట్టలు వేసి కుట్టే దుకాణంలో పని నేర్చుకోవడానికి చేరాడు. 1812లో ఆ దుకాణానికి వచ్చే ఒక పెద్దమనిషి ఇచ్చిన టికెట్లతో హంఫ్రీ డేవీ అనే ప్రసిద్ధ రసాయన శాస్త్రజ్ఞుని ఉపన్యాసాలు విన్నాడు. వింటున్నప్పుడు ముఖ్యమైన విషయాలు వ్రాసుకొన్నాడు. ఇంటికి వెళ్ళి వాటిని విపులంగా తిరగవ్రాశాడు, పరికరాల బొమ్మలు గీశాడు. సుమారు 300 పేజీలు అయ్యాయి. తనకు తెలిసిన విద్యే గనుక చక్కగా కుట్టి, అట్ట వేసి, ఆ ఏడాది చివర డేవీకి పంపాడు. 1813లో ఫారడేకు డేవీ ప్రయోగశాలలో సహాయకుడి ఉద్యోగం దొరికింది. ఆ ఉద్యోగానికి ఆయన పంపిన అర్హతాపత్రం ఒక నోట్సు పుస్తకమే!

కథ ఇక్కడితో ఆగలేదు. 1822లో ఫారడే తన నోటు పుస్తకంలో, మున్ముందు చేయవలసిన పనుల మధ్య ఒక పని వ్రాసుకొన్నాడు. అయస్కాంతశక్తిని విద్యుత్తుగా మార్చాలి అన్నది దాని సారాంశం. మీరు "లెక్కలు 4వ అభ్యాసం పూర్తి చేయాలి" అని వ్రాసుకొన్నట్లే! అయితే ఫారడేకు ఈ పని ముగించడానికి 9 ఏళ్లు పట్టింది. 1831 ఆగస్టు 29న ఇనుప వలయానికి రెండు వైపులా తీగలు చుట్టి, ఒక తీగలో విద్యుత్ ప్రవాహాన్ని మొదలుపెట్టినప్పుడూ ఆపినప్పుడూ రెండవ తీగ వైపు ఉన్న అయస్కాంత సూచి కదలడం చూశాడు. అదే రోజు దినచర్య పుస్తకంలో వ్రాసి పెట్టాడు. ఈనాడు మన నాగార్జునసాగర్‌లోనూ శ్రీశైలంలోనూ తిరిగే జనరేటర్లు ఈ సూత్రం మీదనే పనిచేస్తున్నాయి.

ఫారడే తన జ్ఞాపకశక్తి మీద ఎక్కువ నమ్మకం పెట్టుకొన్న మనిషి కాదు. మరపు వస్తున్నదని ఉత్తరాలలో చెప్పుకొన్నాడు. అందుకే చేసిన ప్రతి ప్రయోగాన్నీ, ఫలించినదాన్నీ ఫలించనిదాన్నీ కూడా వ్రాసేవాడు. పేరాలకు వరుస అంకెలు వేసుకొన్నాడు. ఆ అంకె 16,041 దాకా వెళ్ళింది. వెనుకటి ప్రయోగాన్ని చూడాలంటే ఆ అంకెతో వెంటనే వెదుక్కోవచ్చు. "కాగితం మీద వ్రాస్తే ఎట్లా వెదుకుతాం?" అనేవారికి ఫారడే దాదాపు రెండు వందల ఏళ్ల క్రితమే జవాబు చెప్పాడన్న మాట.

పలక మీద చెరిగినది, పుస్తకంలో మిగిలినది

ఇక మన దేశానికి వద్దాం. గణిత శాస్త్రజ్ఞుడు శ్రీనివాస రామానుజన్ పేదరికంలో పెరిగాడు. కాగితాలు కొనుక్కొనే స్తోమత లేక లెక్కలన్నీ పలక మీద చేసేవాడు. చేసినది మోచేతితో చెరిపి మళ్ళీ చేసేవాడు. తేలిన ఫలితాన్ని మాత్రం నోటు పుస్తకంలోకి ఎక్కించేవాడు. 1914లో ఇంగ్లండు వెళ్ళేనాటికి ఆ నోటు పుస్తకాలలో మూడు వేలకు పైగా ఫలితాలు చేరాయి. చాలావాటికి నిరూపణలు లేవు. నిరూపణలు పలకతో పాటే చెరిగిపోయాయి. వాటిని తిరిగి సాధించడానికి ఎందరో గణిత శాస్త్రజ్ఞులు దశాబ్దాల పాటు శ్రమించారు.

రామానుజన్ 1920లో, 32 ఏళ్ల వయసులో మరణించాడు. చివరి ఏడాది ఆయన వ్రాసిన కాగితాలు కొన్ని ఎక్కడో మరుగున పడిపోయాయి. 1976లో జార్జ్ ఆండ్రూస్ అనే అమెరికా గణిత శాస్త్రజ్ఞుడు కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాల గ్రంథాలయంలో పాత కాగితాల పెట్టె ఒకటి వెదుకుతుండగా అవి బయటపడ్డాయి. సుమారు 600 సూత్రాలు! 56 ఏళ్ల తరువాత కూడా ఆ కాగితాలను చదవడానికి ఏ యంత్రమూ అవసరం కాలేదు. కళ్ళుంటే చాలు.

ఈ రెండు కథలూ చెప్పింది పెద్దవారిని పొగడడానికి కాదు. వ్రాసుకోవడంలో రెండు రకాలున్నాయని చూపడానికి. ఒకటి, పాఠం విని సారాన్ని వ్రాసుకోవడం. రెండవది, చేయవలసిన పనిని వ్రాసుకోవడం. ఈ రెండింటిలోనూ మెదడుకు ఏం జరుగుతుందో చూద్దాం.

చెయ్యి నెమ్మది, అదే లాభం

మాస్టారు మాట్లాడే వేగాన్ని చెయ్యి అందుకోలేదు. ఆయన పది వాక్యాలు చెప్పేలోగా మీరు రెండు మూడు వ్రాయగలరు. కనుక ఏదో ఒకటి వదలక తప్పదు. ఏది వదలాలి? ఏది ఉంచాలి? ఈ నిర్ణయం చేయాలంటే వింటున్నది అర్థం కావాలి. అర్థమైనదాన్ని కుదించి, మీ మాటల్లో పెట్టుకోవాలి. ఈ శ్రమ అంతా క్షణాలలో జరిగిపోతుంది గనుక మనకు తెలియదు. కాని నేర్చుకోవడం అంటే ఆ శ్రమే. ఫోటో తీసినప్పుడు ఈ శ్రమలో ఏ కొంచెమూ జరగదు. నల్లబల్ల అంతా ఫోనులోకి వెళుతుంది, తలలోకి ఏమీ వెళ్ళదు.

దీని మీద ప్రయోగాలు జరిగాయి. 2014లో అమెరికాలో మ్యుల్లర్, ఓపెన్‌హైమర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు కొందరు విద్యార్థులకు ఉపన్యాసాల వీడియోలు చూపించారు. సగంమంది కలంతో, సగంమంది ల్యాప్‌టాప్‌లో నోట్సు వ్రాసుకొన్నారు. ల్యాప్‌టాప్ వారు ఎక్కువ మాటలు వ్రాశారు. కాని విన్నది విన్నట్టే ఎక్కించారు. తారీఖులు, పేర్లు వంటి ప్రశ్నలకు ఇద్దరూ సమానంగానే జవాబు చెప్పారు. విషయం అర్థమైతేనే జవాబు చెప్పగల ప్రశ్నల దగ్గర కలం పట్టినవారు ముందున్నారు.

అయితే సైన్సు విద్యార్థి ఒక్క ప్రయోగంతో తృప్తి పడకూడదు. ఇదే ప్రయోగాన్ని తరువాత వేరేవారు మళ్ళీ చేశారు. 2021లో వచ్చిన ఫలితాలలో, ల్యాప్‌టాప్ వారు విన్నది విన్నట్టు వ్రాస్తారన్న సంగతి మళ్ళీ రుజువైంది. కాని పరీక్షలో కలం వారు ముందుంటారన్న సంగతి స్పష్టంగా తేలలేదు. దీని నుంచి మనం ఏం గ్రహించాలి? కలం పట్టుకొన్నంత మాత్రాన తెలివి రాదు. విన్నది మన మాటల్లోకి మార్చుకోవడంలోనే ఉంది కీలకం. కలం మనల్ని అటువైపు నెడుతుంది, అంతే.

నార్వేలోని ట్రాన్‌హైమ్‌లో 36 మంది విద్యార్థులతో మరొక ప్రయోగం చేసి, 2024లో ఫలితాలు ప్రచురించారు. 256 చిన్న ఎలక్ట్రోడులున్న టోపీ తలకు పెట్టి, మెదడులోని సూక్ష్మమైన విద్యుత్ సంకేతాలను కొలిచారు. చేతితో అక్షరాలు వ్రాసేటప్పుడు మెదడులోని వేరు వేరు భాగాల మధ్య సంబంధాలు, టైపు చేసేటప్పటి కంటే ఎంతో విస్తారంగా కనిపించాయి. ఆలోచిస్తే ఇందులో ఆశ్చర్యం లేదు. టైపు చేసేటప్పుడు "క" కైనా "జ్ఞ" కైనా వేలు చేసే పని ఒక్కటే, మీట నొక్కడం. చేతితో వ్రాసేటప్పుడు ప్రతి అక్షరానికీ వేళ్ళు వేరే దారిన తిరగాలి. కన్ను ఆ దారిని గమనిస్తూ ఉండాలి.

ఇక్కడ కూడా రెండు సంగతులు మరచిపోవద్దు. ఆ విద్యార్థులు వ్రాసింది కాగితం మీద కాదు, తెర మీద ఎలక్ట్రానిక్ కలంతో. టైపు చేసింది ఒక్క చూపుడు వేలితో. పైగా వారు ఎంత నేర్చుకొన్నారో ఆ ప్రయోగంలో కొలవలేదు. కాబట్టి "కాగితమే గెలిచింది" అని చంకలు గుద్దుకోకూడదు. చేతి కదలికకు మెదడులో పెద్ద చోటున్నదని మాత్రం చెప్పవచ్చు.

తల ఒక చిన్న సంచి

ఇప్పుడు రెండవ రకం వ్రాతకు వద్దాం. చేయవలసిన పనుల పట్టిక.

అమ్మ మిమ్మల్ని కొట్టుకు పంపుతూ చెప్పే వస్తువులు మూడైతే గుర్తుంటాయి. ఎనిమిదైతే దారిలో ఒకటి రెండు జారిపోతాయి. ఇందుకు మీ తప్పేమీ లేదు. అప్పటికప్పుడు మనసులో పట్టి ఉంచుకోగల విషయాలు ఏడుకు ఒకటి రెండు అటూ ఇటూ అని 1956లో జార్జ్ మిల్లర్ అనే శాస్త్రజ్ఞుడు చెప్పాడు. తరువాత జరిగిన పరిశోధనలను బట్టి నాలుగు దగ్గరే ఉండవచ్చునని ఇప్పుడు చాలామంది అభిప్రాయం. తల ఒక చిన్న సంచి వంటిది. దాన్ని "రికార్డు ఇవ్వాలి, పరీక్ష ఫీజు కట్టాలి, అన్నయ్యకు ఫోను చేయాలి" వంటి వాటితో నింపితే, త్రికోణమితి లెక్క ఎక్కడ పెడతారు?

మన పెద్దలకు ఈ సంగతి బాగా తెలుసు. కిరాణా కొట్టులో చిట్టా వ్రాసినా, పెళ్లికి సామాను జాబితా కట్టినా, పాల లెక్క గోడ మీద బొగ్గుతో గీసినా, కారణం ఇదే. తలలో ఉంచుకోవలసిన అవసరం లేని దానిని బయట పెట్టడం.

రాత్రి పడుకొన్నాక రేపటి పనులు తలలో గింగిరాలు తిరగడం మీకు అనుభవమే గదా? 2018లో అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయం వారు 57 మంది యువతీయువకులతో ఒక చిన్న ప్రయోగం చేసి ఫలితాలు ప్రచురించారు. పడుకోబోయే ముందు 5 నిమిషాలు సగంమంది రానున్న రోజులలో చేయవలసిన పనులను వ్రాశారు. మిగతా సగంమంది పూర్తి చేసిన పనులను వ్రాశారు. చేయవలసినవి వ్రాసినవారు సుమారు 9 నిమిషాలు ముందుగా నిద్రపోయారు. ఎంత వివరంగా వ్రాస్తే అంత త్వరగా నిద్ర పట్టింది. ప్రయోగం చిన్నదే. కాని మీ ఇంట్లో ఈ రాత్రే చేసి చూసుకోదగినది. ఇందుకు ఫోను తీశారనుకోండి, పట్టిక వ్రాయడం అయ్యాక ఆ ఫోను మిమ్మల్ని పడుకోనిస్తుందా? మీరే చెప్పండి.

ప్రాణాలు కాపాడిన కాగితం

పనుల పట్టిక పిల్లల ఆట కాదు. 1935 అక్టోబరు 30న అమెరికాలోని రైట్ ఫీల్డ్ అనే విమానాశ్రయంలో బోయింగ్ కంపెనీవారి కొత్త నాలుగు ఇంజన్ల విమానం ఎగిరిన కొద్దిసేపటికే కూలిపోయింది. ఇద్దరు మరణించారు. విమానంలో లోపం లేదు. నడిపినవారు అనుభవం లేనివారు కారు. విమానం నిలిచి ఉన్నప్పుడు గాలికి కదలకుండా తోక రెక్కలకు వేసిన బిగింపును తీయడం మరచిపోయారు. అంతే! విమానం నడపడంలో పనులు ఎక్కువైపోయి, జ్ఞాపకం మీద ఆధారపడడం ప్రమాదమని తెలిసింది. అందుచేత పైలట్లు ఎగిరే ముందు, దిగే ముందు సరిచూసుకోవలసిన పనులను వరుసగా వ్రాసి పెట్టుకొన్నారు. దీన్నే చెక్‌లిస్టు అంటారు. 1969 నవంబరులో అపోలో 12 వ్యోమగాములు చంద్రుని మీద నడిచినప్పుడు చేయవలసిన పనుల చిన్న పుస్తకాన్ని ముంజేతికి కట్టుకొన్నారు. అంతటి వ్యోమనౌకలో కంప్యూటరు ఉండగా కూడా!

ఆసుపత్రులలో ఆపరేషనులకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇటువంటి పట్టికనే తయారు చేయించింది. భారతీయ కుటుంబానికి చెందిన అమెరికా డాక్టరు అతుల్ గవాండే ఇందుకు నాయకత్వం వహించాడు. ఒకే కాగితం, 19 అంశాలు. ఢిల్లీతో సహా 8 నగరాలలోని 8 ఆసుపత్రులలో దీన్ని ప్రయోగించి 2009లో ఫలితాలు ప్రకటించారు. ఆపరేషను తరువాత మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. అయితే కెనడాలోని ఒంటారియోలో అన్ని ఆసుపత్రులలోనూ ఈ పట్టికను ప్రవేశపెట్టి చూసినప్పుడు అంత తేడా కనిపించలేదని 2014లో మరొక పరిశీలన చెప్పింది. పట్టిక ఉండడం వేరు, దాన్ని మనసు పెట్టి చదవడం వేరు. చూడకుండా టిక్కులు పెట్టే పట్టిక వల్ల ప్రయోజనం ఉండదు. ఈ మాట మీ హోంవర్కు డైరీకి కూడా వర్తిస్తుంది.

ఫోనులో వ్రాస్తే కాదా?

"సరే, వ్రాసుకోవడం మంచిదే. ఫోనులోనే వ్రాస్తే ఏం?" అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. నేడు విమానాలలో కూడా చెక్‌లిస్టులు తెర మీదికి వచ్చాయి. అయితే విమానంలోని ఆ తెర మీద సినిమా పాటలు రావు, స్నేహితుల సందేశాలు రావు, ఆటలు రావు. మీ ఫోనులో నోట్సు, ఆట, పాట, కబుర్లు అన్నీ ఒకే గదిలో కాపురం ఉంటాయి. "రేపటి ఇంటిపని ఏమిటి?" అని తెరిచినవాడు అరగంట తరువాత క్రికెట్ వీడియో చూస్తూ ఉంటాడు. మిమ్మల్ని వీలైనంత సేపు తెర ముందు కూర్చోబెట్టాలన్న లెక్కతోనే ఆ యాప్‌లలో చాలావాటిని తయారు చేస్తారు. నోటు పుస్తకానికి అటువంటి కోరిక ఏదీ లేదు. మూస్తే మూతబడి ఉంటుంది.

రెండవది, సైన్సు నోట్సు అంటే మాటలు మాత్రమే కాదు. గుండె నాలుగు గదుల బొమ్మ, కుంభాకార కటకం గుండా పోయే కిరణాలు, రసాయన సమీకరణం, పక్కన ఒక బాణం గుర్తు, కింద "ఇది ఎందుకు?" అని ఒక ప్రశ్న. కాగితం మీద ఇవన్నీ ఒకే కలంతో, ఒకే చోట, క్షణాలలో వస్తాయి. ఫోనులో ప్రతిదానికీ ఒక మీట వెదకాలి.

మూడవది మన భాషకు సంబంధించినది. ఫోనులో తెలుగు వ్రాసే పిల్లలలో చాలామంది ఇంగ్లీషు అక్షరాలతో వ్రాస్తున్నారు. వత్తులూ దీర్ఘాలూ అందులో తరచు సరిగా రావు. "కల" అన్నారో "కళ" అన్నారో చదివేవాడు ఊహించుకోవాలి. "పళ్లు", "పల్లు" రెండూ ఒకే రూపంలోకి వచ్చి పడతాయి. రోజుకు ఒక పేజీ తెలుగు చేతితో వ్రాసే విద్యార్థికి ఈ బాధ లేదు. తెలుగు మాధ్యమం కానివారికి ఇది మరీ అవసరం. పాఠం ఇంగ్లీషులో విన్నా, దాని సారాన్ని నాలుగు తెలుగు వాక్యాలలో వ్రాసుకోగలిగితే ఆ పాఠం మీకు నిజంగా వచ్చినట్లే.

నాలుగవది, ఎన్నో ఇళ్లలో ఉండేది ఒకే ఫోను. అది నాన్నతో పాటు పనికి వెళుతుంది. నోట్సు కూడా ఆ ఫోనుతోనే వెళ్ళిపోతే సాయంత్రం మీరు చదివేది ఏమిటి?

కాగితానికీ లోపాలున్నాయి

ఒక పక్షం మాత్రమే చెప్పడం సైన్సు పద్ధతి కాదు. కాగితం తడుస్తుంది, చిరుగుతుంది, పోతుంది. చార్లెస్ డార్విన్ 1837లో జీవుల వంశవృక్షాన్ని మొదటిసారి గీసిన నోటు పుస్తకం కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ గ్రంథాలయం నుంచే 2001 నాటికి కనిపించకుండా పోయింది. 2022లో ఎవరో గులాబీ రంగు సంచిలో పెట్టి గ్రంథాలయంలో వదిలి వెళ్ళారు! అంతటి గ్రంథాలయంలోనే ఇట్లా జరిగితే మన పుస్తకం సంగతి చెప్పాలా? అదృష్టవశాత్తు ఆ పేజీలకు ఫోటోలు ముందే తీసి ఉంచారు. కాబట్టి ముఖ్యమైన నోట్సును ఫోటో తీసి దాచుకోండి. అది ఫోనుకు తగిన పని. తెల్లవారుజామున నాలుగింటికి లేపే పని కూడా ఫోనుదే. నోటు పుస్తకం గంట కొట్టలేదు.

కాగితం తయారీకి కలప కావాలి, నీరు కావాలి. మన కాగితపు మిల్లులు సుబాబుల్, సరుగుడు, జామాయిల్ తోటల కలపను వాడుతున్నాయి. కనుక కాగితాన్ని దుబారా చేయకూడదు. ఏటా పరీక్షలు అయ్యాక పాత నోటు పుస్తకాలలో ఎన్నో తెల్ల కాగితాలు మిగులుతాయి. వాటిని విడదీసి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేస్తే మంచి చిత్తు పుస్తకం అవుతుంది. ఫారడే చేసిన పని మీరూ చేసినట్లవుతుంది.

అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి. చూపు లేని విద్యార్థులకు చదివి వినిపించే ఫోను ఒక వరం. చేతితో వ్రాయడం కష్టమైన పిల్లలూ ఉన్నారు. వారికి మీటలే కలం. నేను చెప్పిన దానిని పట్టుకొని వారిని ఎవరూ తక్కువ చేయరాదు.

ఎక్కించుకోవడం నోట్సు కాదు

మన బడులలో ఉన్న ఒక దురలవాటును కూడా ఇక్కడ చెప్పాలి. గైడులోని జవాబును నోటు పుస్తకంలోకి మక్కికి మక్కి ఎక్కించి, దానికి ఎర్ర సిరాతో గీతలు కొట్టి, "నోట్సు పూర్తయింది" అనుకోవడం. కలంతో చేసినా ఇది ఫోటో తీయడం వంటిదే. తేడా ఏమిటంటే చెయ్యి నొప్పి పుడుతుంది. కలమూ కాగితమూ గొప్పవని నేను చెబుతున్నది ఈ పనికి కాదు. ఉపాధ్యాయులకు నా మనవి కూడా ఇదే. నోట్సు చెప్పి వ్రాయించడానికి బదులు, పాఠం అయ్యాక 5 నిమిషాలు ఇచ్చి "మీకు అర్థమైనది వ్రాయండి" అంటే చాలు. తప్పులు వస్తాయి. రానివ్వండి. ఆ తప్పులు చూస్తేనే గదా పాఠం ఎక్కడ అందలేదో తెలిసేది.

2006లో రోడిగర్, కార్పికీ అనే అమెరికా శాస్త్రజ్ఞులు ప్రచురించిన ప్రయోగం దీనికి బలమిస్తుంది. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని మళ్ళీ చదివారు. మరికొందరు పాఠం పక్కన పెట్టి గుర్తున్నది వ్రాశారు. 5 నిమిషాల తరువాత పరీక్ష పెడితే మళ్ళీ చదివినవారే ముందున్నారు. వారం తరువాత పెడితే వ్రాసినవారు ముందున్నారు! పుస్తకం మూసి వ్రాయడంలోని బలం అది.

మీరే చేసి చూడండి

మీ తరగతిలోనే ఒక ప్రయోగం చేయవచ్చు. తరగతిని రెండు జట్లుగా చేయండి. ఎవరు ఏ జట్టులో ఉండాలో చీటీలు తీసి నిర్ణయించండి. లేకపోతే బాగా చదివేవారంతా ఒకే జట్టులో చేరిపోవచ్చు. మీకు తెలియని పాఠం ఒకటి మాస్టారు చదివి వినిపించాలి. తరువాత 10 నిమిషాలు మొదటి జట్టు ఆ పాఠాన్ని పుస్తకంలో నుంచి చూసి వ్రాయాలి. రెండవ జట్టు పుస్తకం మూసి, సారాన్ని తమ మాటల్లో వ్రాయాలి. వారం తరువాత చెప్పకుండా 10 ప్రశ్నల పరీక్ష పెట్టాలి. అందులో 5 ప్రశ్నలు పేర్లూ అంకెలూ, 5 ప్రశ్నలు "ఎందుకు?" అనేవి ఉండాలి. మరుసటి వారం జట్ల పనులు తారుమారు చేసి, ఇంకొక పాఠంతో మళ్ళీ చేయండి. రెండుసార్లూ ఒకే విధమైన ఫలితం వస్తే కొంత నమ్మవచ్చు. రాకపోతే ఎందుకు రాలేదో ఆలోచించండి. అది ఇంకా మంచి పాఠం.

ప్రయోగం దాకా ఆగలేనివారు ఈ రోజు నుంచే మూడు పనులు మొదలుపెట్టవచ్చు. ఒకటి, ఒకే ఒక చిన్న పుస్తకం దగ్గర ఉంచుకోండి. పేజీలకు అంకెలు వేసి, మొదటి పేజీలో విషయసూచిక వ్రాయండి. రెండు, సాయంత్రం పుస్తకాలు మూసి, ఆ రోజు విన్న ప్రతి పాఠం గురించి మూడు వాక్యాలు, ఒక ప్రశ్న వ్రాయండి. మూడు, పడుకొనే ముందు రేపటి పనులు వ్రాసి, అందులో తప్పక చేయవలసిన మూడింటి కింద గీత గీయండి. ఏ మూడో మీరే తేల్చాలి. ఏ యాప్ అయినా మీకు వందసార్లు గుర్తు చేయగలదు. కాని మీకు ఏది ముఖ్యమో మీ బదులు అది నిర్ణయించే రోజు వస్తే, అప్పుడు పాతబడినది నోటు పుస్తకం కాదు, మన ఆలోచించే అలవాటు.

ఒక నెల పాటు ఇట్లా చేసి, ఏం గమనించారో మాకు వ్రాయండి. ఫలితం నా అభిప్రాయానికి విరుద్ధంగా వచ్చినా సరే, తప్పక వ్రాయండి. చేతితో వ్రాస్తే మరీ సంతోషం.